నేను పారేసిన డబ్బా

మా ఇంట్లో ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేల్చేది నేనే. మీ ఇళ్లల్లోనూ అంతే అయి ఉంటుంది. మగవాళ్లు వస్తువులు తెస్తారు, పిల్లలు ఇల్లంతా పరుస్తారు, చివరికి చీపురు పట్టుకున్న మనిషే తీర్పు చెప్తుంది. పెళ్లయి ఇరవై రెండేళ్లుగా ఆ తీర్పులు చెప్తూనే ఉన్నాను. పోయిన దసరా ముందు చెప్పిన ఒక తీర్పు మాత్రం తప్పయింది. దాని గురించే ఇవాళ రాస్తున్నాను.

బతుకమ్మ పండుగ ముందు మా మనూర్‌లో ప్రతి ఇంటా దులపడం, కడగడం నడుస్తుంది. ఆ రోజు మా చిన్నోడి గది మొదలుపెట్టాను. వాడు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మంచం కింద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే పెన్ను స్ప్రింగులు, కత్తిరించిన మాత్రల అట్టలు, చెవులు తుడుచుకునే పుల్లలు, పాడైన ప్రింటర్‌లోని పండ్ల చక్రాలు, ఏవో బొమ్మల నుంచి మిగిలిన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్కలు. అదే సమయానికి పంచాయతీ ట్రాక్టర్ వీధిలోకి వచ్చింది. పరుగెత్తుకెళ్లి మొత్తం కుమ్మరించేశాను. డబ్బా మాత్రం బాగుందని కడిగి, ఎండబెట్టి, కందిపప్పు పోసుకున్నాను.

సెలవులకు వచ్చిన రోజు రాత్రి వాడు వంటింట్లో నీళ్లు తాగుతూ ఆ డబ్బా చూశాడు.

"గీ డబ్బల ఉన్నయ్ యాడవెట్టినవమ్మా?"

"ఏమున్నయిరా అండ్ల? చెత్తనే గదా. ట్రాక్టర్‌ల ఏసిన."

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. "మూడేండ్ల సంది జమ చేసిన" అన్నాడు, గదిలోకి పోయాడు. దసరా నాడు జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. కానీ నా ముఖం వైపు చూడలేదు. సెలవులు అయిపోగానే బ్యాగు సర్దుకుని బస్సెక్కాడు.

వాడికి ఈ పిచ్చి పదో తరగతి నుంచి ఉంది. సినిమాల్లో వచ్చే అంతరిక్ష నౌకల బొమ్మల కిట్లు తెప్పించుకుంటాడు, నారాయణఖేడ్‌లో ఉన్న మా తమ్ముడి ఇంటి అడ్రసుకు. పండుగలకు పెద్దవాళ్లిచ్చే డబ్బులన్నీ దానికే. పెట్టెలో ఒక చట్రానికి అంటుకుని వరసగా ముక్కలుంటాయి. వాటిని జాగ్రత్తగా కత్తిరించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఒకదానికొకటి బిగించాలి. మనకు తెలిసిన ఇలాంటి బండి అంటే 1991లో వచ్చిన 'ఆదిత్య 369' సినిమాలో టైం మెషీనే కదా. అందుకే వాడు చెప్పే పేర్లు నాకు ఎప్పుడూ చెవికెక్కలేదు. "ఇంత వయసొచ్చినా బొమ్మలేందిరా" అని ఒకటి రెండుసార్లు అన్నాను కూడా.

వాడు వెళ్లిన వారానికి మా అత్తమ్మ బొంత కుట్టడానికి కూర్చుంది. చలికాలం రాకముందే పాత చీరలు పరచుకుని కుట్టుకోవడం ఆమెకు అలవాటు. దారం ఎక్కిస్తూ ఆమెకు నా గోడు చెప్పుకున్నాను. గిన్ని ప్లాస్టిక్ ముక్కలకు ఇంత అలకా అని.

ఆమె సూది ఆపి, "నువ్వొచ్చిన కొత్తల నా బట్టల మూట తీస్కపోయి స్టీలు గిన్నెలకు ఇయ్యలేదా? నీకవి పాత గుడ్డలు. నాకవి మూడు బొంతలు" అంది.

నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఆమె కూడా అరవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదంతే. ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

ఆ రాత్రి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. వాడి గదిలో అల్మారా మీద పేపర్‌లో చుట్టి సగం కట్టిన ఓడ ఉంది. పక్కనే పెట్టె. దాని మీద పేరు చూసి వెతికితే తెలిసింది, అది 'మిలీనియం ఫాల్కన్' అని, 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' అనే అమెరికా సినిమాలోదని. గుండ్రంగా, ముందు వైపు రెండు కొమ్ములతో, చప్పిడిగా ఉంటుంది. కథలో ఆ ఓడను మొదటిసారి చూసిన కుర్రాడికి అదొక తుక్కులాగే కనిపిస్తుంది. ఆ కుర్రాడు నాలాంటివాడే అనుకున్నాను.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. ఆ సినిమా తీసిన రోజుల్లో కంప్యూటర్ బొమ్మలు ఇప్పట్లా లేవు. ఓడల నమూనాలు చేత్తో కట్టి, వాటిని కెమెరాతో తీశారు. అంతరిక్ష నౌక మీద గొట్టాలు, పెట్టెలు, యంత్రాలు ఉన్నట్టు కనిపించడానికి ఏం చేశారంటే, బజారులో దొరికే యుద్ధ ట్యాంకుల, కార్ల, ఓడల బొమ్మ కిట్లు గుట్టలుగా కొని, వాటి ముక్కలు విడదీసి వీటి మీద అతికించారు. ట్యాంకు చక్రం ఓడలో యంత్రం అయిపోయింది. అలా అతికించే చిల్లర ముక్కలను ఇంగ్లీషులో 'గ్రీబ్లీలు' అంటారట. ఆ పని నేర్చినవాళ్లకు ప్రపంచమంతా గ్రీబ్లీల డబ్బాలు ఉంటాయట. మా వాడి దగ్గరా ఒకటి ఉండేది. దాంట్లో ఇప్పుడు కందిపప్పు ఉంది.

నిద్ర పట్టలేదు. పొద్దున లేచి పప్పు వేరే డబ్బాలోకి మార్చాను.

ఆ తర్వాత నేనే ఏరడం మొదలుపెట్టాను. మిక్సీ జార్ కింద అరిగిపోయిన పండ్ల రబ్బరు, అత్తమ్మ బీపీ మాత్రల అట్టలు, కంటి మందు సీసా మూత, పాత చీరకున్న హుక్కులు, మా ఆయన మోటారు స్టార్టర్ బాగు చేయించినప్పుడు మిగిలిన రాగి తీగ. ఒక్కొక్కటి ఫోటో తీసి వాడికి పంపాను. "ఇది పనికొస్తదా?" రెండు రోజులు చూసి కూడా ఏమీ రాయలేదు. మూడో రోజు మిక్సీ రబ్బరు ఫోటో కింద, "పండ్లున్నది దాచు" అని వచ్చింది. ఆ రెండు మాటలు వంటింట్లో నిలబడి ఎన్నిసార్లు చదువుకున్నానో.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఓడ 1:350 స్కేలుది. అంటే అసలైనది కట్టి ఉంటే ఎంత ఉండేదో, అందులో 350వ వంతు. నా అరచేతిలో సరిపోతుంది, దాదాపు 10 సెంటీమీటర్లు. ఈ లెక్కలో మనిషి ఎంత ఉంటాడని అడిగాను. "5 మిల్లీమీటర్లు. సన్నబియ్యం గింజంత" అన్నాడు. అప్పుడు నాకు కిటుకు అర్థమైంది. బియ్యపు గింజంత మనిషికి మాత్రల అట్టలోని బుడిపె ఒక గది. పెన్ను స్ప్రింగు పెద్ద గొట్టం. మనం లావుగా ఒక గీత గీస్తే అక్కడ మురుగు కాలువ తవ్వినట్టు ఉంటుంది. అందుకే చిన్న ఓడకు పెద్ద ఓడ కంటే ఎక్కువ ఓపిక కావాలి.

నాకు బాగా నచ్చిన పని ఇంకోటి. ముక్కలు తీసేశాక మిగిలిన చట్రం పుల్లను కొవ్వొత్తి మంటకు కాస్త పైన పట్టుకుని తిప్పాలి. మెత్తబడగానే మంట నుంచి పక్కకు తీసి రెండు చేతులతో మెల్లగా లాగితే దారంలా సాగుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని కత్తిరించి ఓడ మీద యాంటెన్నాలు పెడతారు. వాడికి నాలుగుసార్లు తెగిపోయింది. నాకు రెండోసారికే వచ్చింది. తీగ పాకం పట్టిన చేతులివి, ఎప్పుడు లాగాలో ఎప్పుడు ఆగాలో తెలియదా? "నీకెట్లొచ్చిందమ్మా!" అన్నాడు వాడు. దసరా తర్వాత నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

ఒక పని చెడగొట్టాను కూడా. ఒక ముక్కకు రంగు ఎక్కువైందని గోళ్ల రంగు తుడిచే మందుతో రుద్దాను. ప్లాస్టిక్ మైనంలా కరిగి వేలికి అంటుకుంది. ఆ మందులో ఉండే ఎసిటోన్ ఈ రకం ప్లాస్టిక్‌ను కరిగిస్తుందట. మీ పిల్లలెవరైనా ఇలాంటివి చేస్తుంటే ఇది గుర్తు పెట్టుకోండి. నయం, అది మిగులు ముక్క.

ఓడ బిగించడం అయ్యాక బూడిద రంగు వేశాడు. శుభ్రంగా, ముచ్చటగా ఉంది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాడు దాన్ని పాడు చేయడం. పల్చటి నల్ల రంగు కుంచె కొసతో తాకిస్తే గీతల్లోకి దానంతటదే పాకింది. తర్వాత పొడి కుంచెకు గోధుమ రంగు అద్ది, గుడ్డకు తుడిచేసి, ఆ మిగిలిన కాస్తతో అంచుల మీద రుద్దాడు. తుప్పు పట్టినట్టు, పొగ చూరినట్టు అయింది. నా ప్రాణం ఉసూరుమంది. నేను రోజంతా చేసే పనికి సరిగ్గా ఉల్టా అది.

"కొత్తదాన్ని గట్ల ఖరాబు చేస్తవేందిరా?"

"కొత్తగుంటే బొమ్మ అమ్మా. ఎన్నో జాగలు తిరిగొచ్చినట్టుంటేనే ఓడ."

మారు మాట్లాడలేకపోయాను. నా అట్ల పెనం గుర్తొచ్చింది. కొత్తది కొన్నా దాని మీదే పోసుకుంటాను.

ఓడ వెనక భాగంలో, పైన, ఆరు గుండ్రటి జాలీలు ఉంటాయి. మేం తెచ్చిన ముక్కలన్నీ ఒక్కోచోట ఒదిగాయి గానీ, ఆ ఆరింటిలో ఒకదాన్ని వాడు తొలిచి ఖాళీగా ఉంచేశాడు. ఇందులో ఏం పెడతావని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. మా మామయ్య చేతికి పెట్టుకున్న హెచ్ఎంటీ గడియారం, ఆయన పోయాక ఆగిపోయింది. బాగు చేసేవాడు ఇక కుదరదని విప్పి ఇస్తే, అందులో ఒక పండ్ల చక్రం వీడు దాచుకున్నాడు. ఆ ఓడకు ఇంజనుగా పెడదామని. అది ఆ రేకు డబ్బాలోనే ఉంది.

"దసరాకే చెప్పొద్దారా?"

"చెప్తే నువ్వేడుస్తవని."

నిజమే, ఏడ్చాను. నాన్న అని పిలవకపోయినా నన్ను కూతురిలా చూసిన మనిషి ఆయన. ఆయన చేతి గడియారం ముక్కను ట్రాక్టర్‌లో నా చేత్తో నేనే కుమ్మరించాను. అది ఇక దొరకదు. ఎన్ని మిక్సీ రబ్బర్లు ఏరినా దాని బదులు కాదు. అత్తమ్మకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని రెండు రోజులు మథనపడి, చెప్పేశాను. ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్లి ఆ ఓడను చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఏడ పెడుదువురా?" అని మనవణ్ని అడిగింది. వాడు ఆ ఖాళీ చూపించాడు. ఆమె వేలితో దాన్ని తడిమి మళ్లీ వాడికే ఇచ్చింది.

వేరే చక్రం ఏదైనా పెట్టమన్నాను. వద్దన్నాడు. "ఉండనియ్ అమ్మా." ఓడ ఇప్పుడు మా ముందరి గదిలో, మామయ్య ఫోటో కింద అలమరలో ఉంది. వచ్చినవాళ్లు ఒక జాలీ ఊడిపోయిందని చెప్తుంటారు. అవునంటాను.

ఇప్పటికీ ఇల్లు దులుపుతాను. పారేయకుండా ఉంటే ఇల్లు ఇల్లులా ఉండదు, అది మనకు తెలిసిందే. కాకపోతే ట్రాక్టర్ చప్పుడు వినబడగానే పరుగెత్తడం మానేశాను. తెలియని వస్తువేదైనా కనబడితే చేతిలో పట్టుకుని, "ఇది ఎవరిది, దేనికి?" అని ఇంట్లో అందరినీ అడుగుతాను. మా ఆయన విసుక్కుంటాడు. ట్రాక్టర్ ఎదురింటి దాకా పోతుంది. పోనీ, మళ్లీ వస్తుంది కదా.