గాలి పడని పొడి

నాలుగేళ్ళుగా నేను పనిచేస్తున్న పదార్థానికి గాలి పడదు. పేరు లిథియం ఐరన్ బోరేట్. కార్బన్ పట్టించాక నల్లటి పొడి, చూడ్డానికి కాటుకలా ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీలో కాథోడ్‌గా పనికొస్తుందని దీనిమీద ఆశ.

ఆశ ఎందుకో చెప్పాలంటే దీని అన్నగారి సంగతి చెప్పాలి. చాలా ఎలక్ట్రిక్ బస్సుల్లో ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ 1997లో బయటపెట్టారు. అందులో ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునేది ఇనుము. ఫాస్ఫేట్ చట్రంలా నిలబడి ఉంటుంది, అంతే. ఆ చట్రం బరువు 95. దాని బదులు బోరేట్ పెడితే 59. బరువు తగ్గింది కాబట్టి గ్రాముకు 170 మిల్లీ ఆంపియర్ అవర్లు కాస్తా లెక్క ప్రకారం 220 అవుతాయి. కాగితం మీద ఇంత ముచ్చటైన లెక్క చాలా అరుదు. చట్రాన్ని ఉత్త బరువనడం కొంచెం అన్యాయమేలెండి. వోల్టేజిలో దానికీ చెయ్యి ఉంది, అక్కడ బోరేట్ కాస్త వెనకబడుతుంది. ఫాస్ఫేట్‌ది దాదాపు 3.4 వోల్టులు, దీనిది 3కి లోపే. అంటే మిగిలే లాభం ఆ 220 ఊరించినంత కాదు.

2001లో ఫ్రాన్సులోని నాంత్ పరిశోధకులు దీన్ని పరీక్షిస్తే, ఉన్న లిథియంలో నూటికి నాలుగు వంతులే బయటికొచ్చాయి. అక్కడితో పనికిరాదనుకోవచ్చు. 2010లో టోక్యోలో యమాడా బృందం గాలి సోకకుండా తయారుచేసి చూస్తే, లెక్కలో ఉన్నదానికి దగ్గరగా వచ్చింది. తేమగాలి తగిలితే పొడి పైపొర చెడుతుంది. లిథియం జారిపోతుంది, ఇనుము ఆక్సీకరణం చెందుతుంది. ఆ కొత్త పొర లోపలి లిథియానికి దారి ఇవ్వదు. అందుకే నా రోజులన్నీ ఆర్గాన్ నింపిన గ్లోవ్ బాక్స్ దగ్గరే. భుజాల దాకా రబ్బరు చేతులు తొడుక్కుని, అద్దం ఇవతల నిలబడి, చిటికెడు పొడి తూచడానికి అరగంట.

మా తాతయ్య కంసాలి. ఆయన వాడే వెలిగారం కూడా బోరేటే, సోడియంది. అతుకు దగ్గర పూసి మంట ఊదితే కరిగి గాజులా పరుచుకుంటుంది. మైలని తనలో కలుపుకుంటుంది, కాలుతున్న లోహానికి గాలి తగలనివ్వదు. మా ఇంట్లో బోరేట్ అంటే గాలిని ఆపేది. నా వంతుకి వచ్చింది మాత్రం, నేను గాలిని ఆపితే గానీ బతకనిది.

పండక్కి వెళ్ళినప్పుడల్లా నాన్న అడుగుతాడు. "ఇంతకీ ఏ బండిలో పెట్టార్రా దాన్ని?"

"ఏ బండిలోనూ పెట్టలేదు నాన్నా."

"మరి పెడతారా?"

ఫ్యాక్టరీలో టన్నులకొద్దీ పొడిని గాలి తగలకుండా కాపాడాలంటే ఎంత ఖర్చో నాకు తెలుసు. తగ్గిన వోల్టేజీ తెలుసు. అయినా "పెట్టరు" అనడానికి నోరు రాదు. పైపూత సరిగ్గా కుదిరితే అన్న ఆ ఒక్క "అయితే" మీదే నా థీసిస్‌లో రెండు అధ్యాయాలున్నాయి.

వచ్చే నెలతో ఫెలోషిప్ అయిపోతుంది. బ్యాటరీ సెల్స్ చేసే ఒక కంపెనీ రమ్మంది. అక్కడ ఫాస్ఫేట్ పని. జీతం బావుంది, వెళ్తాను. ఫాస్ఫేట్ పొడిని గ్లోవ్ బాక్స్ లేకుండా మామూలు బల్ల మీదే తూచుకోవచ్చు. ఈలోగా పూత వేసిన ఆఖరి శాంపిల్‌ని రెండు భాగాలు చేశాను. ఒకటి ఆర్గాన్‌లో ఉంది. రెండోది మొన్న వాన పడుతున్నప్పుడు కిటికీ పక్కన మూత తీసి పెట్టాను. రెండిటితోనూ సెల్స్ కట్టి ఛార్జింగుకి పెట్టాను. గ్రాఫు శుక్రవారానికి వస్తుంది.