మాఘంలో మాల్దీవులు, శ్రావణంలో బాలి

మా వినుకొండ వైపు పెళ్లికి ముహూర్తం పెట్టేది పంతులుగారే అయినా, ఖర్చుకు ముహూర్తం పెట్టేది గుంటూరు మిర్చి యార్డు. కాయ అమ్ముడై డబ్బు చేతికొస్తేనే ఏ ముచ్చటైనా. ఇప్పుడు ఆ ముచ్చట్లలో హనీమూనూ చేరింది. పెద్దలు పెట్టుపోతల లెక్కల్లో ఉంటే, పెళ్లికొడుకు ఫోన్‌లో నీలి సముద్రాలు చూసుకుంటున్నాడు.

నాకైతే పంచాంగం పక్కనే అక్కడి వానల లెక్క కూడా పెట్టుకోవాలనిపిస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయితే మాల్దీవులు మేలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ. మనవాళ్లకు దిగాక వీసా ఉచితం. శ్రావణంలో అయితే బాలి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి, మనకు ముసురు పట్టే వేళ అక్కడ పొడి వాతావరణం. ఆషాఢంలో వెళ్లినా ఇబ్బంది లేదు: అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదన్న పట్టింపు అంతదూరం రాదు.

టికెట్‌లో అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయింది కదా అని కొత్త ఇంటిపేరు రాయించకండి. ముందు పాస్‌పోర్టు, ఆ తర్వాతే హోటల్. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. తిరిగొచ్చాక పత్తి విత్తనాలకు పెట్టుబడి కావాలి.