వచ్చే మెయిల్ వస్తోంది... పోయే మెయిల్ ఎక్కడ ఆగింది?

ఈసారి పోస్ట్ పసుపు ధర గురించి కాదు, దుంపకుళ్లు గురించీ కాదు. కంప్యూటర్ నుంచి మెయిల్ బయటికి పోకపోతే ఎక్కడ వెతకాలో రాస్తున్నా. మన గ్రూపుల్లో ఎవరో ఒకరి ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటోంది, లెక్కలన్నీ దాంట్లోనే నడుస్తున్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేశాక, కొత్త మిషన్ కొనలేక దానికే లినక్స్ ఎక్కించుకున్నవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్లకి పనికొస్తుంది. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ముందు మా సంగతి. దుగ్గిరాల చుట్టుపక్కల పద్నాలుగు మంది పసుపు రైతులం కలిసి సరుకు అమ్ముకుంటాం. కోల్డ్ స్టోరేజీలో ఎవరి బస్తాలు ఎన్ని, అందులో కొమ్ము ఎంత, కాయ ఎంత, ఈ లిస్టు ప్రతి సోమవారం పొద్దున ఆరింటికి మా ఇంట్లో కంప్యూటర్ తనంతట తనే ముగ్గురు కొనుగోలుదారుల ఆఫీసులకి మెయిల్ చేస్తుంది. మా తమ్ముడి కొడుకు చదువుకునే రోజుల్లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం అది. రెండేళ్లుగా దాని జోలికి ఎవరూ పోలేదు.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకండీ అని మీలో కొందరు అడుగుతారు. వాట్సాప్ లిస్టు కొనేవాడి ఫోన్లో ఉంటుంది, ఆ గుమాస్తా ఉద్యోగం మానేస్తే లిస్టూ వాడితోనే పోతుంది. మెయిల్ అయితే ఆఫీసు పేరు మీద, తారీఖుతో సహా ఉంటుంది. రేపు తూకం దగ్గర మాట తేడా వస్తే తీసి చూపించుకోవచ్చు.

మొన్న వేసవిలో వరసగా మూడు సోమవారాలు ముగ్గురిలో ఒక్కరి దగ్గర్నుంచీ ఫోన్ రాలేదు. మొదటి వారం మార్కెట్ మందంగా ఉందనుకున్నాం. రెండో వారం మా వాళ్లలో ఇద్దరు తొందరపడి లోకల్‌గా అమ్మేశారు. మూడో వారానికి మాటలు మారాయి. "అన్నాయ్, లిస్టు నిజంగా పోతోందా, లేక నువ్వు వాళ్లతో విడిగా ఏమన్నా మాట్లాడుకున్నావా?" అని ఒకాయన నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూ అడిగినా అది గుచ్చుకునే మాటే. కంప్యూటర్ మా ఇంట్లో ఉంది, దాంట్లో ఏం జరుగుతోందో పదమూడు మందికీ కనపడదు. మూడేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న గ్రూపు ఇట్టాంటి అనుమానంతోనే విడిపోతుంది. డబ్బు లెక్క తేడా వస్తే సర్దుకోవచ్చు, ఇది సర్దుకోదు.

విచిత్రం ఏంటంటే, మా మెయిల్‌కి ఉత్తరాలు రోజూ వస్తూనే ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ వాళ్ల అద్దె బిల్లు వచ్చింది, లేబొరేటరీ వాళ్ల కర్క్యుమిన్ రిపోర్ట్ వచ్చింది. అంటే నెట్ బాగుంది, పాస్‌వర్డ్ బాగుంది అనిపిస్తుంది ఎవరికైనా. ఇక్కడే అసలు సంగతి. చేలోకి నీళ్లొచ్చే బోదె వేరు, మురుగు పోయే కాలవ వేరు కదా. బోదె పారుతోందని మురుగు కాలవ కూడా బాగుందని అనుకోం. మెయిల్ కూడా అంతే. వచ్చే మెయిల్‌ది ఐమ్యాప్ అనే దారి, పోయే మెయిల్‌ది ఎస్ఎంటీపీ అనే దారి. సర్వర్ వేరు కావచ్చు, పోర్ట్ నంబర్ అయితే కచ్చితంగా వేరు. ఒకటి పనిచేస్తోందన్న మాట రెండో దాని గురించి ఏమీ చెప్పదు.

టౌన్లో కంప్యూటర్ షాపాయన చూడకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. దయచేసి ఈ మాట ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకోకండి. ఫార్మాట్ కొడితే జబ్బు పోయేది అనుమానమే గానీ, ఏం జరిగిందో మిషన్ రాసుకున్న కాయితాలన్నీ మాత్రం పోతాయి. మా విషయంలో ఆ కాయితాలే నన్ను కాపాడాయి.

బుధవారం రాత్రి మా వాడికి ఫోన్ చేశా. వాడు అడిగిన మొదటి మాట: "పెదనాన్నా, క్యూ చూశావా?"

లినక్స్‌లో ఇట్టా తనంతట తను మెయిల్ పంపే పని పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాంతో చేయిస్తారు. మనూరి పోస్టాఫీసు లాంటిది. మన ప్రోగ్రాం ఉత్తరం దానికి ఇస్తే "పంపేశాను" అనుకుని తన పని అయిపోయిందనుకుంటుంది. కానీ పోస్ట్‌ఫిక్స్ దాన్ని సంచిలో వేసుకుని, బయట సర్వర్ తీసుకునేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. ఆ సంచే క్యూ. టెర్మినల్ తెరిచి మెయిల్‌క్యూ అని ఇంగ్లీషులో కలిపి కొడితే అందులో ఏమున్నాయో కనపడుతుంది.

కొట్టా. మూడో సోమవారం లిస్టు అక్కడే ఉంది. కింద బ్రాకెట్లో కారణం కూడా రాసుంది: కనెక్షన్ టైమ్డ్ అవుట్, పోర్ట్ 25.

ఇంకొకటి కూడా ఉంది, అది చూసి ముందు నాకు అర్థం కాలేదు. పంపినవారు అన్నచోట మెయిలర్ డీమన్ అని ఉంది. మా వాడు వివరంగా చెప్పాడు. పోస్ట్‌ఫిక్స్‌లో మనం ఏమీ మార్చకపోతే, పోని ఉత్తరాన్ని 5 రోజులు పట్టుకుని చూస్తుంది. మధ్యలో మనకేమీ చెప్పదు. 5 రోజులయ్యాక, ఇక నా వల్ల కాదు అని పంపినవాళ్లకి ఒక ఉత్తరం రాస్తుంది. మా లిస్టు మా గ్రూపు మెయిల్ పేరుతో పోతుంది కాబట్టి, ఆ ఉత్తరం కూడా బయట సర్వర్ మీదుగా తిరిగి మాకు రావాలి. ఆ దారే కదా మూసుకుపోయింది! ఉత్తరం పోలేదని చెప్పే ఉత్తరం కూడా పోలేదన్నమాట. మూడు వారాలు మిషన్ నోరు కొట్టుకుంటూనే ఉంది, మాకు వినపడలేదు.

తర్వాత పని కారణం తేల్చుకోవడం. ఇక్కడ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, చాలా తిరుగుడు తప్పుతుంది. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే, సాధారణంగా అవతల ఇంటిదాకా పోయాం, తలుపు వేసుంది అని. టైమ్డ్ అవుట్ అని వస్తే పిలిచినా జవాబే లేదు, ఎక్కువసార్లు మధ్యలో ఎవరో దారి మూసేశారని. తలుపు తీసి లోపలికి రానిచ్చాక సర్వర్ మూడంకెల నంబర్‌తో జవాబు చెప్తుంది. 2తో మొదలైతే సరే తీసుకున్నా అని. 4తో మొదలైతే ఇప్పుడు కాదు తర్వాత రా అని. 5తో మొదలైతే ఇక రావద్దు అని. 535 అయితే యూజర్ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదని. మనకి అసలు నంబరే రాలేదంటే పాస్‌వర్డ్ దాకా మాట పోలేదు. అందుకని పాస్‌వర్డ్ మార్చి చూద్దాం అనే ఆలోచన అక్కడితో మానేశాం.

నెట్‌క్యాట్ అనే చిన్న పరికరం ఉంది లినక్స్‌లో. దాంతో మా మెయిల్ సర్వర్ 25 నంబర్ తలుపు తట్టాం, నిమిషం పైన చూసినా జవాబు లేదు. అదే సర్వర్ 587 తలుపు తడితే క్షణంలో పలికింది. ఇంక తేలిపోయింది. సర్వర్ బతికే ఉంది, నెట్ ఉంది, 25 ఒక్కటే మూసేశారు. మూసింది మా కొత్త నెట్ లైను. నెల కింద ఊళ్లో పాత కేబుల్ నెట్ తీసేసి అందరం ఫైబర్‌కి మారాం. పాతాయన 25 తెరిచి ఉంచాడు, కొత్తవాళ్లు మూసి ఉంచారు. కస్టమర్ కేర్‌కి చేస్తే రూటర్ ఆపి వెయ్యండి అన్నారు, అంతకుమించి చెప్పలేదు.

అయితే 25 మూయడంలో వాళ్ల తప్పేం లేదని మా వాడి మాట, నాకూ న్యాయమే అనిపించింది. 1982లో ఈ మెయిల్ పంపే పద్ధతి రాసినప్పుడు దాంట్లో పాస్‌వర్డ్ అడగడమనేదే లేదు. ఎవరైనా ఎవరి పేరుతోనైనా ఉత్తరం వేయొచ్చు. ఆ తర్వాత వైరస్ పట్టిన ఇళ్ల కంప్యూటర్ల నుంచి దొంగ మెయిళ్లు గుట్టలుగుట్టలుగా 25 మీదుగానే పోయాయి. అందుకని ఇళ్ల కనెక్షన్లకి చాలా నెట్ కంపెనీలు 25 మూసేస్తాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 25 ఉంటుంది. మనలాంటివాళ్లు పాస్‌వర్డ్ చెప్పి ఉత్తరం ఇవ్వడానికి 587 అని 1998లో వేరే తలుపు పెట్టారు. 465 కూడా అదే పనికి వాడతారు, కాకపోతే అందులో మొదటి మాట నుంచే తాళం పడి ఉంటుంది. కొత్తగా సెట్ చేసుకునేవాళ్లు 587 గానీ 465 గానీ పెట్టుకోండి, 25 జోలికే పోవద్దు.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్లో రిలేహోస్ట్ అనే లైను ఉంటుంది, ఉత్తరాలన్నీ ఏ సర్వర్‌కి అప్పగించాలో అక్కడ రాస్తారు. దాంట్లో 25 తీసి 587 పెట్టాం. మళ్లీ పోలేదు! కానీ ఈసారి జవాబు వేరు. 5తో మొదలైన నంబర్ వచ్చింది, ముందు నువ్వెవరో చెప్పు అని. అంటే ఒక గట్టు దాటాం. పాస్‌వర్డ్ ఉన్న ఫైలు వేరే ఉంటుంది, అందులో సర్వర్ పేరు, పోర్ట్ నంబర్, ఆ పక్కన యూజర్, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. రిలేహోస్ట్‌లో ఎట్లా రాశామో ఇక్కడా అక్షరం పొల్లుపోకుండా అట్లాగే ఉండాలి, బ్రాకెట్లతో సహా. అక్కడ 587, ఇక్కడ 25 ఉంటే ఇది వేరే సర్వర్‌ది అనుకుని పాస్‌వర్డ్ చెప్పకుండానే వెళ్తుంది. పాసుపుస్తకంలో ఒక సర్వే నంబర్, అడంగల్లో ఇంకొకటి ఉన్నట్టు. అది కూడా మార్చి, పోస్ట్‌మ్యాప్ అనే కమాండ్ కొట్టి, పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేశాం. ఫైలు మార్చి పోస్ట్‌మ్యాప్ కొట్టకపోతే పాతదే చదువుతుంది, ఇది చాలామందిని తిప్పలు పెట్టే చోటు.

టెస్ట్ ఉత్తరం ఒకటి నా సొంత మెయిల్‌కి పంపా. లాగ్‌లో 250 అని పడింది. 250 అంటే మన సర్వర్ తీసుకుందని మాత్రమే, అవతలివాడి స్పామ్‌లో పడలేదని కాదు. అందుకే తెల్లారి ముగ్గురికీ ఫోన్ చేసి కనపడిందా అని అడిగా.

క్యూలో ఉన్న సోమవారం లిస్టుని మాత్రం వదల్లేదు. అప్పటికి అందులో నలభై బస్తాలు అమ్ముడైపోయాయి. లేని సరుకుకి కబురు పెట్టినట్టవుతుంది. దాన్ని తీసేసి కొత్త లిస్టు పంపాం. బాగవ్వగానే క్యూ మొత్తం ఒక్కసారి వదిలేయాలనిపిస్తుంది, ముందు అందులో ఏముందో చదవండి.

మీలో చాలామందికి పోస్ట్‌ఫిక్స్ ఉండదు, థండర్‌బర్డ్‌లోనే మెయిల్ చూస్తారు. వాళ్లకి రెండు మూడు మాటలు. జీమెయిల్‌ని బయట ప్రోగ్రాంలో పెడితే, గూగుల్ పేజీ తెరిచి లాగిన్ అడిగే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి. అట్లా కుదరని పాత ప్రోగ్రాంకి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. గూగుల్ పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఆ 16 అక్షరాలూ చెల్లవు, కొత్తవి తీసుకోవాలి. ఇంకొకటి, జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే పోదు. ఫైలు మెయిల్లోకి ఎక్కేటప్పుడు మూడో వంతు దాకా ఉబ్బుతుంది కాబట్టి 20 ఎంబీ ఫోటోలే ఆగిపోవచ్చు.

మా పక్కూరి మిత్రుడికి సర్టిఫికెట్ చెల్లదు అని వచ్చేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆయన కంప్యూటర్లో తారీఖు ఏళ్ల కిందకి పోయేది. తారీఖు తప్పైతే సర్వర్ చూపించే సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే లెక్క. లోపల నాణెం లాంటి బ్యాటరీ మార్చారు, సరిపోయింది.

శనివారం మా వాళ్లందరినీ ఇంటికి పిలిచి లాగ్ తెరిచి చూపించా. మూడు సోమవారాలూ ఆరింటికి లిస్టు బయల్దేరింది, మూడుసార్లూ 25 దగ్గర ఆగింది, తారీఖు, టైముతో సహా ఉంది. మొదటిసారి ఆగింది ఫైబర్ వేసిన వారమే. అడిగినాయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి లైనూ చదివాడు. ఏమీ అనలేదు. టీ తాగి, "ఇది ఎట్టా తెరవాలో నాక్కూడా నేర్పు అన్నాయ్" అన్నాడు. నేర్పా. పాస్‌వర్డ్ ఒక కాయితం మీద రాసి ఆయన దగ్గరే పెట్టాం, ఇప్పుడు నాతోపాటు ఇంకొకరికి తెలుసు.

మిషన్ ఇకనుంచి 4 గంటల్లోనే హెచ్చరిక ఉత్తరం రాసేట్టు మార్చాలని మా వాడు అన్నాడు. ఆ ఉత్తరమూ అదే దారిన పోవాలి కదరా అన్నా. కాసేపు ఆలోచించి వేరే ఏర్పాటు చేశాడు. సోమవారం ఆరున్నరకి క్యూలో ఒక్క ఉత్తరం మిగిలినా కంప్యూటర్ స్క్రీన్ మీద ఎర్రగా పెద్ద అక్షరాలు వస్తాయి. హాల్లో పెట్టాం కాబట్టి పాలు పోయించుకుని వచ్చేటప్పుడు మా ఆవిడకే ముందు కనపడుతుంది.