మిషన్‌ను అడిగాకే విండోస్

సికింద్రాబాద్ ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి పార్క్‌లేన్‌లోకి తిరిగితే చెనాయ్ ట్రేడ్ సెంటర్. జంటనగరాల్లో కంప్యూటర్ వాడేవాళ్లకు ఆ పూర్తి పేరుతో పని లేదు, సీటీసీ అంటే చాలు. నేను అక్కడికి వెళ్లింది ఏదో కొనడానికి కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అప్పటినుంచి ‘విండోస్ మార్చండి’ అంటూ వచ్చే మిషన్లతో రిపేరు షాపులో ఏం చేస్తారో దగ్గరుండి చూద్దామని వెళ్లాను.

మెట్ల పక్కన చిన్న షాపు. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు వరండాలో నిలబడాల్సిందే. యజమానిని అందరూ అన్నా అనే పిలుస్తున్నారు. ఆయన చేతికందేలా ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని నిండా పెన్‌డ్రైవ్‌లు. ఒక్కోదానికి దారంతో కట్టిన అట్టముక్క, దానిమీద బాల్‌పెన్ రాత: ‘11’, ‘10 – 64’, ‘10 – 32, పాతవాటికి’, ‘మింట్’, ‘డ్రైవర్లు’.

“విండోస్ ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉంటే సరిపోదా?” అన్నాను.

“మందుల షాపుల జ్వరం గోళి అడిగితే పిల్లలకా, పెద్దలకా అని అడుగుతరు గద సార్. ఇది గూడ గంతే.”

సిద్దిపేట నుంచి తండ్రీకూతుళ్లు వచ్చారు. అమ్మాయి బీటెక్. “అన్నా, విండోస్ 11 వేయించాలి” అంటూ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. ఆయన డబ్బా జోలికి పోలేదు. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన గడిలో ‘ఎంఎస్‌ఇన్ఫో32’ అని కొట్టాడు. తెరమీద మిషన్ జాతకమంతా పరుచుకుంది. ప్రాసెసర్ వరస మీద వేలు పెట్టి ఆగాడు. ఐ5-6200యూ.

“ఐ5 పక్కన ఆరు కనపడుతుందా అమ్మా? ఆరో జనరేషన్ అన్నట్టు. పదకొండుకు ఎనిమిది నుంచి గావాలె.”

ఇంటెల్ అయితే దాదాపుగా అదే హద్దు. దానితో పాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు.

“ర్యామ్ పెంచితే నడవదా?” అన్నాడు తండ్రి.

“ర్యామ్‌తోని కాదు పెద్దాయనా. అడ్డదారిల ఎక్కియ్యొచ్చు, ఎక్కించేటోళ్లున్నరు. రేపు అప్‌డేట్లు రాకుంటే కంపెనీ జిమ్మేదారి తీసుకోదు, నేను తీసుకోలేను.”

రెండు దారులు చెప్పాడు. విండోస్ 10లోనే ఉండి, 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్న అదనపు భద్రతా అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకోవడం ఒకటి. లైనక్స్‌కు మారడం రెండోది. అమ్మాయి రెండోదానివైపు మొగ్గింది. అప్పుడు బయటికొచ్చింది ‘మింట్’ అట్టముక్క, అది లైనక్స్‌లో ఒక రకం. దాన్ని డిస్కులో ఎక్కించకుండా నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపించాడు. వైఫై కలిసిందా, పాట వినపడిందా, కెమెరా తెరుచుకుందా, అన్నీ అమ్మాయి చేతే చూపించాడు. ఇంకా లోపలి విండోస్‌ను ముట్టుకోనే లేదు.

వాళ్లిద్దరూ దాన్ని పరీక్షిస్తుండగా, ఆ మింట్ ఇన్‌స్టాలర్ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాను. ఏ ఓఎస్ అయినా తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దించుతాడట. దించాక కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సర్ట్‌యుటిల్’ ఆదేశం ఇస్తే 64 అక్షరాలు, అంకెల వరస వస్తుంది. సైటులో ప్రకటించిన వరసతో అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తేడా వస్తే ఫైలు దారిలో చెడిపోయిందన్నా అనుకోవాలి, ఎవరో చెయ్యిపెట్టారన్నా అనుకోవాలి. ఈ రెండోది ఉత్త భయం కాదు. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ సైటులోకే చొరబడి, 17.3 సినమన్ ఇన్‌స్టాలర్ లింకును దొంగచాటు తలుపున్న నకిలీ ఫైలు వైపు తిప్పారు. సొంత సైటుకే ఆ గతి పట్టినప్పుడు, వాట్సాప్‌లో చేతులు మారే ఫైళ్ల సంగతి చెప్పేదేముంది?

ఫైలు మంచిదైనా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ కొడితే కుదరదు. యూఈఎఫ్ఐ మిషన్లన్నీ చదవగలిగేది ఫ్యాట్32 పద్ధతిని. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు (ఐఎస్ఓ) లోపలుండే ‘ఇన్‌స్టాల్.విమ్’ ఆ హద్దు దాటిపోతోంది. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ దాన్ని ఇంకా కుదించిన రూపంలో ఇస్తుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. పాత బయోస్ మిషన్లకు రూఫస్ అనే టూల్‌తో ఎంబీఆర్ పద్ధతిలో వేరే పెన్‌డ్రైవ్ చేసి పెట్టుకున్నాడు. అందుకే అన్ని అట్టముక్కలు.

ఇంతలో ఒక ఆడిటర్ ఆఫీసు గుమాస్తా వచ్చాడు. ఇంకెక్కడో ఫార్మాట్ కొట్టించాడు, అప్పటినుంచి తెర మూలన ‘యాక్టివేట్ చేయండి’ అనే రాత పోవడం లేదు. అన్న ల్యాప్‌టాప్ తిరగేసి అడుగున స్టిక్కరు చూశాడు, తర్వాత సెట్టింగ్స్ చూశాడు. “నీ లైసెన్సు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ తమ్మీ. వేసింది ప్రో. కీ ఎట్ల కలుస్తది?”

విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కీని కంపెనీవాళ్లు మదర్‌బోర్డులోనే రాసిపెడుతున్నారు. మామూలు ఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తానే చదువుకుని తగిన ఎడిషన్ ఎంచుకుంటుంది. మన దగ్గర హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌తో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లు చాలానే. అందులో మెనూలకు ఒకే భాష. ఇంగ్లిష్‌తో వచ్చినదానికి తెలుగు మెనూలు పక్కన చేర్చుకోలేం గానీ, తెలుగు టైపింగుకు అడ్డేమీ లేదు.

సరైన పెన్‌డ్రైవ్ గుచ్చి మొదలుపెడితే ఇంకో చిక్కు. డిస్కు చూపించాల్సిన చోట ఖాళీ. గుమాస్తా మొహం పాలిపోయింది. “హార్డ్‌డిస్క్ పోయిందా అన్నా?” పోలేదు. అది ఇంటెల్ పదకొండో తరం మిషన్. వీఎండీ అనే ఏర్పాటు వెనక డిస్కు ఉండటంతో దాని డ్రైవర్ ఇస్తే తప్ప ఇన్‌స్టాలర్‌కు కనపడదు. ‘డ్రైవర్లు’ పెన్‌డ్రైవ్ పెట్టి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి, ముందే విప్పి ఉంచిన ఫోల్డరు చూపించాడు. డిస్కు భాగాలన్నీ వరసగా ప్రత్యక్షమయ్యాయి.

ఇక పాత భాగాలు తీసేసి ‘నెక్స్ట్’ కొట్టడమే. అక్కడ చెయ్యి ఆపి, “బ్యాకప్ తీసిన అన్నవు. టాలీ డేటా ఏ ఫోల్డర్ల ఉండె?” అన్నాడు.

“డెస్క్‌టాప్ మీదున్నవన్నీ కాపీ చేశానన్నా. టాలీ సీ డ్రైవ్‌లోనే ఉంది.”

అన్న ఇన్‌స్టాలేషన్ రద్దు చేసి ల్యాప్‌టాప్ ఆపేశాడు. “ఈ పెన్‌డ్రైవ్ ఏడికి పోదు తమ్మీ, రేపైనా వేస్త. ఆ లెక్కలు పోతే మీ సారుకు ఏం జవాబు చెప్తవ్?” అన్నాడు. గుమాస్తా ఆఫీసుకు ఫోన్ చేసి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనడానికి కింది అంతస్తుకు దిగాడు.