అమ్మ గడియారంలో సింగపూర్!

మెల్‌బోర్న్‌లో ఉన్న అక్క దగ్గరికి అమ్మను తీసుకెళ్తున్నా. మధ్యలో సింగపూర్‌లో విమానం మారాలి. ఉదయం ఏడింటికి దిగితే, మళ్లీ సాయంత్రం అయిదింటికిగానీ ఎక్కేది లేదు. పది గంటలు! 'ఊరు చూసొద్దామే' అంటే అమ్మ ససేమిరా అంది. 'విమానం వెళ్లిపోతే దిక్కెవరు? ఇక్కడే కూర్చుందాం' అని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

ఆమె మనసు మార్చింది నేను కాదు, చాంగి విమానాశ్రయంలోని బోర్డులు. ఇంగ్లిష్, చైనీస్, మలయ్‌లతో పాటు తమిళం కూడా ఇక్కడ అధికార భాషే. మాది చిత్తూరు జిల్లా. తమిళం అమ్మకి మాట్లాడ్డమే కాదు, కూడబలుక్కుని చదవడమూ వచ్చు. 'మనూరి బస్టాండులా ఉందే!' అంది. అంతే, బయల్దేరిపోయాం. మా పాస్‌పోర్టుల్లో ఆస్ట్రేలియా వీసా ఉంది. అలాంటి కొన్ని దేశాల వీసాలుండి, సింగపూర్ మీదుగా వెళ్లే భారతీయుల్ని 96 గంటల దాకా విడిగా వీసా లేకుండానే అనుమతిస్తారు. షరతులు మాత్రం బయల్దేరే ముందే చూసుకోవాలి.

మెట్రో రైల్లో తింటే 500 డాలర్ల దాకా జరిమానా. దురియన్ పండు అసలు తేకూడదు, దాని వాసన అలాంటిది మరి! అమ్మ చేతిలోని మురుకుల పొట్లం బ్యాగు అడుక్కి వెళ్లిపోయింది.

లిటిల్ ఇండియాలో దిగామో లేదో మల్లెపూల వాసన. వేడి ఇడ్లీ, సాంబారు, ఫిల్టర్ కాఫీ. ఒకప్పుడు ఇక్కడ పశువుల వ్యాపారం జోరుగా సాగేదట. అందుకే ఓ వీధి పేరు బఫెలో రోడ్డు, ఇంకోటి కెర్బావ్ రోడ్డు. మలయ్‌లో కెర్బావ్ అంటే గేదే! మా ఇంట్లో పాడి పోయి పదిహేనేళ్లయినా అమ్మ ఆ బోర్డు దగ్గర్నుంచి ఓ పట్టాన కదల్లేదు. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి 1855 నాటిది. 'ఇంటి పక్కనే ఏడుకొండలవాణ్ణి పెట్టుకుని ఇంతదూరమొచ్చీ ఆయన్నే చూస్తున్నాం' అని నవ్వుకుంది.

అక్కణ్నుంచి మెరీనా బే. సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంటుంది. ఎత్తు 8.6 మీటర్లు, పెట్టింది 1972లో. సింగపూర్ అంటే సింహపురమే. మన నెల్లూరు పాతపేరూ విక్రమ సింహపురి కదా! ఎదురుగా 2010లో తెరిచిన మెరీనా బే శాండ్స్... 55 అంతస్తుల మూడు టవర్ల నెత్తిన ఓడను పెట్టినట్టుంటుంది. అమ్మకి అదేమంత నచ్చలేదు. నీళ్ల సంగతి చెబితే మాత్రం కళ్లు పెద్దవి చేసింది. ఎదురుగా ఉన్నది సముద్రం కాదు. 2008లో అడ్డంగా బ్యారేజీ కట్టి, ఉప్పునీటిని ఆపి, వాననీటితో మంచినీటి జలాశయంగా మార్చేశారు. 'చుట్టూ సముద్రం ఉన్నా తాగునీళ్లకి ఇన్ని తిప్పలా?' అంది. మాకూ నీళ్ల లారీ కోసం బిందెలు వరసపెట్టిన రోజులున్నాయి మరి.

ఫొటోలు తీసీ తీసీ నా ఫోను ఆగిపోయింది. అమ్మ గడియారంలో పన్నెండుంబావు. బోలెడంత టైముంది అనుకుని మెట్లమీద చతికిలబడ్డాం. కాసేపటికి అమ్మే అంది... 'ఇదేమిటే, మిట్టమధ్యాహ్నం నీడ కాళ్లకింద ఉండాలిగా, పక్కకి పడిందేం?'

గుండె గుభేల్‌మంది. ఆ గడియారంలో ఉన్నది మన టైము. ఇక్కడ రెండున్నర గంటలు ముందు! అంటే మూడవుతోంది!

పరుగో పరుగు. ట్యాక్సీ ఎక్కాక దారి పొడవునా ఇద్దరం మాట్లాడుకుంటే ఒట్టు. చాంగిలో తనిఖీల వరసలు దాటి గేటు చేరేసరికి జనం లోపలికి వెళ్తున్నారు. రెయిన్ వోర్టెక్స్ అని 40 మీటర్ల జలపాతం ఉన్న జువెల్ భవనం అక్కడే. చూద్దామని ఎంత అనుకున్నానో!

సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక అమ్మ గడియారం విప్పి నా చేతికిచ్చింది.

'మీ అక్కవాళ్లూరికి ముల్లు ఎంత తిప్పాలో ఇప్పుడే తిప్పెయ్యి' అంది.