ఫిలడెల్ఫియా టంకశాల

అమెరికా సంయుక్తరాష్ట్రముల తొలి టంకశాల ఫిలడెల్ఫియా నగరమున, ఏడవ వీధిలో నుండెడిది. 1792వ సంవత్సరపు శాసనముచే నేర్పడిన యా టంకశాల కట్టడము నేడు లేదు. ఇరువదవ శతాబ్దారంభమున దానిని పడగొట్టిరి. దాని లెక్కపుస్తకములును, పత్రములును మాత్రము ప్రభుత్వ భాండాగారమున భద్రముగా నున్నవి. 1793 మార్చి నెలలో మొదట వెలువడిన రాగి సెంట్లు 11,178 అని మనకు దెలుపునవి యవియే.

1795లో సారా వాల్డ్రేక్, రేచెల్ సమ్మర్స్ అను నిరువురు స్త్రీలు అచ్చట పనికి గుదిరిన సంగతియు నట్టి లెక్కలవలననే తెలియుచున్నది. ముద్ర వేయుటకు ముందు వెండి బంగారు బిళ్లలను త్రాసున దూచి, బరువు మించినవానిని ఆకురాయితో రాచి సరిపరచుట వారి పని. కూలి దినమునకు అర డాలరు. ఆకాలపు నాణెములు కొన్నింటిపై నట్టి రాపిడిగీతలు నేటికిని గానవచ్చును. అవి యెవరి చేతివో నాణెము చెప్పజాలదు. దానిపై నున్నది స్వాతంత్ర్యదేవి ముఖము మాత్రమే. పనిచేసిన స్త్రీల పేళ్లను నిలిపినది కూలిలెక్క.

నా యింటి పద్దుపుస్తకములో నింతకాలము “పనిమనిషికి” అని మాత్రమే వ్రాయుచుంటిని. ఈ వృత్తాంతము చదివిన నాటనుండి ఆమె పేరు వ్రాయుచున్నాను.