రైలు దిగితే నది కనబడదు

బొగ్గు రైళ్ల జంక్షన్‌గానే పేరుపడిన బిలాస్‌పూర్ జిల్లాలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నీ నీటి ఒడ్డునే ఉన్నాయి, ఆ నీళ్లే తగ్గిపోతున్నాయి

విశాఖపట్నం నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బిలాస్‌పూర్ ఒక రాత్రి ప్రయాణం. విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరి, అక్కడినుంచి శివ్‌నాథ్ వంతెన దాటాక రైలు వేగం తగ్గుతుంది. కిటికీలోంచి కనబడేవి బొగ్గు వ్యాగన్లు. పక్క పట్టాల మీద, యార్డులో, అవుటర్‌లో సిగ్నల్ కోసం వరుసగా ఆగి ఉంటాయి. దేశంలో అత్యధికంగా సరుకు రవాణా చేసే రైల్వే డివిజన్లలో ఇదొకటి. తిరుపతికో, పూరీకో పోతూ ఈ స్టేషన్లో టీ తాగిన తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు గానీ, ఊరు చూద్దామని దిగినవాళ్లు తక్కువ. ఆ వ్యాగన్ల అవతల, స్టేషన్‌కు ఎంతో దూరం లేకుండా ఒక నది ఉందన్న సంగతి రైల్లోంచి తెలియదు.

ఆ నది పేరు అర్పా. పెండ్రా ప్రాంతంలో పుట్టి, సుమారు 150 కిలోమీటర్లు ప్రవహించి శివ్‌నాథ్‌లో కలుస్తుంది. శివ్‌నాథ్ మహానదిలో కలుస్తుంది. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాష్ట్ర గీతంగా ప్రకటించిన పాట మొదలయ్యేది ఈ నది పేరుతోనే. ఊరి పేరు కూడా నది పెట్టిందే. చేపలు పట్టే కేవట్ కులానికి చెందిన బిలాసా అనే స్త్రీ పేరు మీద బిలాస్‌పూర్ వచ్చిందని స్థానికుల నమ్మకం. ఆమె వేటలో రాజును కాపాడిందని ఒక కథ, మానం కాపాడుకోవడానికి ప్రాణం తీసుకుందని మరో కథ. రెండింటిలో ఏది నిజమైనా, ఒక మహానగరం కాదగ్గ ఊరు రాజు పేరో దేవుడి పేరో కాకుండా బెస్త స్త్రీ పేరు పెట్టుకోవడం మన దేశంలో అరుదు. 2021 మార్చిలో ఇక్కడ విమానాలు మొదలైనప్పుడు విమానాశ్రయానికీ ఆమె పేరే పెట్టారు.

ఊరు నిజానికి రెండు. నది ఒడ్డున ఉన్నది జూనా బిలాస్‌పూర్, అంటే పాత ఊరు. ఇరుకు సందులు, ఘాట్లు, శనివారం సంత పేరు మీద శనిచరీ బజారు, దాని పక్కనే నదిని దాటే లోమట్టపు కాజ్‌వే. రెండోది రైల్వే కట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని ఇటుగా వేసి, ఇక్కడినుంచే కట్నీ వైపు ఒక శాఖ చీల్చింది. అప్పటినుంచి ఊరి కేంద్రం నదిని వదిలి స్టేషన్ వైపు జరుగుతూ వచ్చింది. వెడల్పాటి రోడ్లు, చెట్ల నీడలో క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్, ఆటస్థలం. ఈ ఊరి సంత బుధవారీ. శనిచరీ నుంచి బుధవారీకి ఆటోలో వెళ్లడానికి పట్టే కొద్ది నిమిషాల్లో పర్యాటకుడు ఒక శతాబ్దం దాటుతాడు.

బుధవారీ బజారు చుట్టుపక్కల చెవిన పడే భాషల్లో తెలుగు ఒకటి. దానికి కారణం రైల్వేయే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దక్షిణపు చివర వాల్తేరు. అందువల్ల శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ కుటుంబాలు వచ్చాయి. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక దారి మరింత దగ్గరైంది. ఆంధ్ర సమాజం ఏర్పడింది. రైల్వే ప్రాంతంలో ఏటా సోలాపురి మాత పూజ జరుగుతుంది. ఉత్తరాంధ్ర గ్రామదేవతల జాతర చూసినవాళ్లకు అందులో కొత్తగా తోచేది తక్కువ, ప్రసంగాలు హిందీలో సాగడం తప్ప. 2003 వరకు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. బదిలీ మీద అటూ ఇటూ వెళ్లడం మామూలు విషయం. ఆ ఏడాది బిలాస్‌పూర్ కొత్త జోన్‌కు కేంద్రమైంది, వాల్తేరు మరో జోన్‌లోకి వెళ్లింది. ఇక ఇంటి నుంచి ఇంటికి ఉన్న దారి తిరుపతి, విశాఖ రైళ్లే.

స్టేషన్లో తప్పక ఆగి చూడాల్సింది ఒకటుంది. రవీంద్రనాథ్ టాగోర్ ‘పలాతకా’ సంపుటిలో (1918) ‘ఫాంకీ’ అనే కవిత ఉంది. ఫాంకీ అంటే దగా. జబ్బుపడిన భార్యను గాలి మార్పు కోసం తీసుకెళుతున్న భర్త బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి ఆరు గంటలు ఆగాల్సి వస్తుంది. పెళ్లయ్యాక తొలిసారి అత్తింటి గోడలు దాటి వచ్చిన ఆ యువతికి ఆ ఆరు గంటలూ పండుగే. అక్కడ పనిచేసే రుక్మిణి అనే పేదరాలు కూతురి పెళ్లికి 25 రూపాయలు అడుగుతుంది. ఇవ్వమని భార్య చెబుతుంది. ఇచ్చానని చెప్పి భర్త రెండు రూపాయలతో సరిపెడతాడు. రెండు నెలలకు భార్య చనిపోతుంది. ఆ బాకీ తీర్చుకోవడానికి అతను మళ్లీ బిలాస్‌పూర్ స్టేషన్‌కు వస్తే రుక్మిణి ఎక్కడుందో చెప్పేవారే ఉండరు. ఈ కవితను స్టేషన్లో ప్రదర్శనకు పెట్టారు. టాగోర్ తన సొంత భార్యతో ఇక్కడికి వచ్చారని ఊళ్లో గట్టిగా చెబుతారు గానీ, కవిత నిలబడటానికి ఆ సాక్ష్యం అక్కర్లేదు. ప్రయాణికుల రద్దీలో చాలామంది దాని ముందు నుంచే చూడకుండా వెళ్లిపోతారు.

ఊరి బయట అసలు చరిత్ర మొదలవుతుంది. ఉత్తరాన 25 కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్. దాదాపు ఏడు శతాబ్దాల పాటు కలచురి రాజుల రాజధాని. వాళ్లు హైహయ వంశస్థులు. పల్నాటి యుద్ధంలోని నలగామరాజు వంశం కూడా తమను హైహయులనే చెప్పుకుంది కాబట్టి తెలుగు పాఠకులకు ఈ పేరు పూర్తిగా పరాయిది కాదు. 1741లో నాగ్‌పూర్ భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ వచ్చి పడేసరికి రతన్‌పూర్ పెద్దగా పోరాడకుండానే లొంగిపోయింది. బింబాజీ భోంస్లే ఇక్కడే ఉండి పాలించి, కొండ మీద రామాలయం కట్టించాడు. 1818 తర్వాత బ్రిటిష్ అధికారులు పాలనను రాయ్‌పూర్‌కు మార్చేశారు. రాజధాని పోయిన ఊరికి మిగిలినవి మహామాయ గుడి, శిథిలమైన కోట, చెరువులు.

యాత్రికులు మహామాయ కోసం వస్తారు. నవరాత్రుల్లో బిలాస్‌పూర్ నుంచి రాత్రంతా నడిచి వచ్చేవాళ్లతో రోడ్డు నిండిపోతుంది, గుడిలో వేల అఖండ జ్యోతులు వెలుగుతాయి. దర్శనం అయ్యాక అటునుంచి అటే బస్సెక్కేవాళ్లే ఎక్కువ. కానీ రతన్‌పూర్ అసలు సొగసు చెరువుల్లో ఉంది. ఒకప్పుడు ఇక్కడ నూటికి పైగా చెరువులు ఉండేవి. దులహరా లాంటి పెద్ద చెరువుల గట్ల మీద ఇప్పటికీ మెట్లు, చిన్న గుళ్లు, రావిచెట్లు కనబడతాయి. ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీరు పల్లానున్న చెరువుకు పోవాలన్న లెక్క కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నీటి వ్యవస్థే అది: వరి, చెరువు, మళ్లీ వరి. ఇప్పుడు రతన్‌పూర్‌లో కొన్ని చెరువులు పూడిపోయాయి, కొన్నింటి మీదికి ఇళ్లు వచ్చాయి. 2025 మార్చిలో మహామాయ గుడి కుండంలో వలలో చిక్కి ఇరవైకి పైగా తాబేళ్లు చనిపోయి కనబడితే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. గుడి చెరువులో వల ఎందుకున్నదన్నదే అందరూ అడిగిన ప్రశ్న.

రతన్‌పూర్ దాటి మరికాస్త వెళితే ఖుటాఘాట్. ఖారుంగ్ నది మీద బ్రిటిష్ కాలంలో, 1920లలో మొదలుపెట్టి కట్టిన జలాశయం. చుట్టూ గుట్టలు, అడవి. వానలు బాగా పడి అలుగు పారే రోజుల్లో బిలాస్‌పూర్ సగం ఇక్కడే ఉంటుంది. కాస్త నిదానంగా చూడాలంటే అక్టోబర్, నవంబర్ నెలల్లో రావడం మేలు.

దక్షిణాన రాయ్‌పూర్ రోడ్డులో సుమారు 30 కిలోమీటర్లు వెళ్లి పక్కకు మళ్లితే మనియారీ నది ఒడ్డున తాలా. రెండు పాత గుళ్లు పక్కపక్కనే ఉంటాయి. వాటిని దేవరానీ-జేఠానీ అంటారు. తెలుగులో చెప్పాలంటే తోడికోడళ్ల గుళ్లు. అయిదు, ఆరు శతాబ్దాల నాటివి. తోడికోడళ్లలో పెద్దామె గుడి దాదాపు కుప్పకూలింది, చిన్నామెది ఇంకా ద్వారబంధం వరకు నిలిచి ఉంది. ఆ ద్వారబంధం మీద చెక్కడం చూడటానికే ఒక గంట సరిపోదు.

అయితే తాలాకు పేరు తెచ్చింది 1980ల చివర్లో ఇక్కడ శిథిలాలు తొలగిస్తుంటే బయటపడ్డ విగ్రహం. ఎనిమిది అడుగులు దాటిన ఎత్తు, టన్నుల బరువు. రుద్రశివుడని పేరుపెట్టారు గానీ ఇది ఏ దేవుడన్నది పండితులు ఇంకా తేల్చలేదు. తలపాగా పాముల చుట్ట. ముక్కు బల్లి. మీసాలు చేపలు. గడ్డం పీత. చెవులు నెమళ్లు. భుజాలు మొసలి నోళ్లు, వాటిలోంచి చేతులు వస్తాయి. మర్మాంగం స్థానంలో తాబేలు. రొమ్ముల మీద, పొట్ట మీద, తొడల మీద మనిషి ముఖాలు, మోకాళ్ల దగ్గర సింహం ముఖాలు. మొదటిసారి చూసినవాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. భారతీయ శిల్పంలో దీనికి జోడీ లేదు. దీన్ని తంత్రంతో ముడిపెట్టినవాళ్లు, శైవంలోని ఫలానా శాఖతో ముడిపెట్టినవాళ్లు ఉన్నారు. వివరణ ఏదైనా ఒక విషయం మాత్రం కళ్లెదుటే ఉంది. చేప, పీత, తాబేలు, మొసలి. శిల్పి తన దేవుడి ఒంటికి కావలసిన సరంజామాలో సగం నదిలోంచే తీసుకున్నాడు.

ఇదే శివ్‌నాథ్ మీద, మనియారీ కలిసే చోటుకు అంత దూరం లేకుండా, మద్కూ ద్వీపం ఉంది. ఇప్పుడిది ముంగేలీ జిల్లా. నది రెండుగా చీలి మధ్యలో వదిలిన నేల మీద 2011లో జరిపిన తవ్వకాల్లో వరుసగా గుళ్ల పునాదులు బయటపడ్డాయి.

మల్హార్ మరో దిక్కున ఉంది, బిలాస్‌పూర్‌కు ఆగ్నేయంగా 35 కిలోమీటర్ల పైచిలుకు. అర్పా, లీలాగర్, శివ్‌నాథ్ నదుల మధ్య మట్టి కోట ఉన్న ఊరు. 1970లలో సాగర్ విశ్వవిద్యాలయం ఇక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాటి ముద్రలు, నాణేలు కూడా ఇక్కడ దొరికాయంటే దక్షిణాదితో వర్తకం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. పన్నెండో శతాబ్దపు పాతాళేశ్వర ఆలయంలో లింగం నేలమట్టానికి కిందుంటుంది. డిండేశ్వరీ దేవి నల్లరాతి విగ్రహాన్ని 1991లో దొంగలు ఎత్తుకుపోయారు, కొన్నాళ్లకు దొరికింది. ఇప్పుడు అమ్మవారు కటకటాల వెనక ఉంటుంది.

పాత బిలాస్‌పూర్ జిల్లాను గుర్తుపెట్టుకుంటే మహానది ఒడ్డున శివ్‌రీనారాయణ్ కూడా ఇందులోదే. 1998లో అది జాంజ్‌గీర్-చాంపా జిల్లాకు పోయింది. శబరి ఎంగిలి పళ్లు ఇక్కడే పెట్టిందని వాళ్లంటారు. భద్రాచలం వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

తిండి విషయంలో తెలుగువాడికి ఇక్కడ ఇబ్బంది లేదు. బియ్యప్పిండితో పోసే చీలా మన అట్టుకు దగ్గరి చుట్టం. బోరే బాసీ అంటే అచ్చంగా చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి మొదలు అధికారుల దాకా దాన్ని తిని ఫొటోలు దిగారు. కార్తీక ఏకాదశి తర్వాత వస్తే రావత్ నాచా చూడొచ్చు. గవ్వలు కుట్టిన చొక్కాలు, నెమలి ఈకలు, చేతికర్రలతో యాదవులు పల్లెల నుంచి గుంపులుగా తరలివస్తారు. కట్నీ వైపు ప్యాసింజర్ ఎక్కితే భన్వర్‌టోంక్ దగ్గర అడవి, లోయ, సొరంగం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. టికెట్ ధరకు ఇంత దృశ్యం మరెక్కడా రాదు.

మళ్లీ ఊళ్లోకి వస్తే అర్పా. ఏడాదిలో చాలా నెలలు ఇది ఇసుక మైదానం. తోర్వా దగ్గర విశాలమైన ఛఠ్ ఘాట్ కట్టారు. బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ సాయంత్రం నడుం లోతు నీళ్లలో నిలబడాలంటే నదిలో నీరు నిలిపి ఉంచాలి. పైన ఇసుక తవ్వకం, పక్కన మురికి కాలువలు, కింద పడిపోతున్న భూగర్భ జలం. 2023 జూలైలో సెంద్రీ దగ్గర ఇసుక కోసం తవ్విన గోతిలో మునిగి ముగ్గురు బాలికలు చనిపోయారు. హైకోర్టు జోక్యం చేసుకుంది. అర్పాను అహ్మదాబాద్‌లో సబర్మతిలా మారుస్తామన్న హామీలు ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త బొమ్మలతో వచ్చాయి. నగరం లోపల రెండు బ్యారేజీలు తలపెట్టారు, ఒకటి పచరీఘాట్ దగ్గర, మరొకటి శివ్‌ఘాట్ దగ్గర. ఇంతలో నది ఒడ్డున పుట్టిన ఊరికి తాగునీరు ఇవ్వడానికి అమృత్ పథకం కింద ఖుటాఘాట్ నుంచి, అంటే వేరే నది నుంచి, పైపులైను వేయాల్సి వచ్చింది.

ఈ ఊరికి పోరాటం చేతకాక కాదు. 1996లో రైల్వే జోన్ కోసం బిలాస్‌పూర్ వీధుల్లోకి వచ్చింది, కర్ఫ్యూ చూసింది, చివరికి జోన్ తెచ్చుకుంది. విమానాల కోసం ఏళ్ల తరబడి ధర్నా చేసింది, అవీ వచ్చాయి. అర్పా కోసమూ యాత్రలు జరిగాయి, పిటిషన్లు పడ్డాయి. కానీ అవి అంత జనాన్ని కదిలించలేదు. జోన్ వస్తే ఉద్యోగాలొస్తాయి. నదికి నీళ్లొస్తే ఎవరికి ఏమొస్తుందో ఇంకా ఏ నాయకుడూ లెక్కకట్టి చెప్పలేదు.

నదిని నదిగా చూడాలనుకునేవాళ్లు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో శనిచరీ దగ్గరికి రావాలి. అప్పుడు కాజ్‌వే మునిగిపోతుంది, పోలీసులు అడ్డంగా తాడు కడతారు. అవతలి ఒడ్డుకు వెళ్లాల్సినవాళ్లు చుట్టూ తిరిగి పాత వంతెన మీదుగా పోతారు, మధ్యలో బండి ఆపి కిందికి తొంగి చూస్తారు.